ఏ రేవులో దిగితే ఆ జాతి

జాతి ఒంట్లో పుట్టదు. ఎవరిచేత ఏ పని చేయించాలో, ఎవరికి ఎంత కూలి ఇవ్వాలో తేల్చేవాళ్ళ లెక్కల పుస్తకాల్లో పుడుతుంది. సాక్ష్యం కోసం సముద్రాలు దాటక్కర్లేదు, మన కోరంగి చాలు. ఇవాళ మడ అడవులు చూడ్డానికి జనం బోటెక్కే ఆ ఊరు, కాకినాడ పైకి రాకముందు గోదావరి ముఖద్వారంలో పెద్ద ఓడరేవు. 1839 నవంబరు తుఫానుకి అది తుడిచిపెట్టుకుపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి నుంచీ, ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న పక్క ఊరు యానాం నుంచీ, తర్వాత కాకినాడ నుంచీ డెల్టా కూలిజనం ఓడలెక్కారు. ఒకే నీళ్ళు తాగి, ఒకే గంజి తాగి పెరిగిన మనుషులు. దిగిన రేవును బట్టి వాళ్ళ జాతి మారిపోయింది.

1828లోనే యానాం వైపు నుంచి తెలుగు కూలీలను ఒప్పందం మీద హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రియూనియన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ తమిళులతో కలిపి అందరినీ 'మలబారు'లన్నారు. మలబారు తీరం దేశానికి అవతలి పక్కన ఉంది. ఆ తేడాతో చెరకు తోట యజమానికి పని లేదు, తోటలో పనిచేసేవాళ్ళకు ఒక పద్దు ఉంటే సరిపోయింది. మారిషస్‌లో ఇంకో లెక్క. 1968 నాటి ఆ దేశపు రాజ్యాంగం జనాన్ని హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు అని మూడు సముదాయాలుగా విడదీసి, 'జీవన విధానాన్ని' బట్టి ఈ మూడింటిలో దేనికీ చెందరనిపించినవాళ్ళను 'సాధారణ జనాభా' అంది. ఆ నాలుగో గడిలో ఎవరున్నారో చూడండి. తోటల యజమానులైన ఫ్రెంచి తెల్లవాళ్ళు, ఆ తోటల్లోనే బానిసలుగా పనిచేసిన ఆఫ్రికన్ల వారసులు, ఇద్దరూ అందులోనే. శాసనసభలో ఎనిమిది అదనపు సీట్లు ఈ గడులను బట్టే పంచారు. 1972 తర్వాత జనగణనలో ఆ ప్రశ్న తీసేసినా, సీట్ల లెక్క మాత్రం ఆనాటి అంకెల మీదే నడిచింది.

దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వలస ప్రాంతమైన నటాల్ సంగతి మరింత తేటగా ఉంటుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి కూలీ ఓడ ట్రూరో డర్బన్ చేరింది. ఒప్పందం ఐదేళ్ళకు, మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. తమిళులు, తెలుగువాళ్ళు, ఎవరైనా సరే అక్కడ 'కూలీ' అనేదే జాతి పేరు. వెనకాలే సొంత డబ్బుతో వచ్చిన గుజరాతీ ముస్లిం వర్తకులు తమని 'అరబ్బులు' అని చెప్పుకున్నారు. మొహాలు మార్చుకోలేదు, పెట్టుబడి ఉంది కాబట్టి పేరు మార్చుకోగలిగారు. ఒప్పందం తీరాక కూడా అక్కడే ఉండిపోయి, మళ్ళీ ఒప్పందం రాయని వాళ్ళ మీద 1895లో ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేశారు. నెలకు 10 షిల్లింగులంటే ఏడాదికి 6 పౌండ్లు. అంటే పన్ను ఆరు నెలల జీతం. కూలీ స్వేచ్ఛగా బేరమాడుకునే రోజు ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ జాతి గీత పడింది. సమ్మెలూ జైళ్ళూ అయ్యాక 1914లో గానీ ఆ పన్ను పోలేదు.

ఇక రంగం. రంగూన్‌ని మన పెద్దలు అలాగే అనేవాళ్ళు. బర్మాలో తెలుగు కూలీలందరికీ మన కోరంగి పేరే జాతి పేరైంది. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, విశాఖ నుంచి వెళ్ళినా 'కోరంగీ'లే. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే మేస్త్రీ పద్ధతి తెలియాలి. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఓడ టికెట్టు కొంటాడు. అది అప్పు. రంగూన్‌లో దిగాక రేవు కాంట్రాక్టరు ముఠా మొత్తం కూలి మేస్త్రీ చేతికే ఇస్తాడు. అప్పు, బస, తన వాటా కోసుకుని మిగిలింది మేస్త్రీ కూలీ చేతిలో పెడతాడు. ఒకే గదిలో పదులమంది, ఒకరి తర్వాత ఒకరు వంతులవారీ నిద్ర. ఆ కిక్కిరిసిన బస చూసి 'ఈ జాతి ఎంత ఇరుకులోనైనా బతుకుతుంది' అని రాసుకున్నారు. అద్దె కోత ఎవరు విధించారన్న ప్రశ్న ఆ వాక్యంలో కనబడదు. పేదరికం ముందు, దాన్ని రక్తానికి అంటగట్టడం ఆ తర్వాత.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కాంట్రాక్టర్లు బర్మా కూలీలను పనిలోకి దించారు. రాజీ కుదిరి పాతవాళ్ళు తిరిగి వచ్చేసరికి, మే 26న, బర్మా వాళ్ళను పని లేదని పంపేశారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. దాన్ని 'జాతుల అల్లరి' అని రాశారు. రెండు పేద ముఠాలను ఒకదాని మీదికి ఒకటి ఎగదోసిన ఓడల వ్యాపారం ఆ పేరులో ఎక్కడా లేదు. 1931 లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1982లో బర్మా ప్రభుత్వం చేసిన పౌరసత్వ చట్టం 1823కి ముందునుంచీ అక్కడ ఉన్న జాతులవాళ్ళే పుట్టుకతో పౌరులంది. మొదటి ఆంగ్ల-బర్మా యుద్ధానికి ముందు ఏడాది అది. తేదీని ఒక ఏడాది అటో ఇటో జరిపే అధికారం ఉన్నవాడి చేతిలో 'స్థానిక జాతి' అన్నది కూడా జరుగుతుంది.

ఇది వలస కూలీల కథ మాత్రమే అనుకునేవాళ్ళు అమెరికా కోర్టుల వైపు చూడాలి. బయటినుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకూ ఆఫ్రికా సంతతికీ మాత్రమే పౌరసత్వం అన్న చట్టం అక్కడ ఉన్నరోజుల్లో, 1922 నవంబరులో తకావో ఒజావా అనే జపనీయుడి కేసులో సుప్రీంకోర్టు, 'నీ చర్మం ఎంత తెల్లగా ఉన్నా నువ్వు శాస్త్రం చెప్పే కాకసస్ జాతివాడివి కాదు గనక తెల్లవాడివి కావు' అనే అర్థంలో తీర్పు చెప్పింది. మూడు నెలలు కాస్త దాటాయి, అంతే. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ అదే శాస్త్రం పట్టుకుని, ఉత్తర భారతీయులు కాకసస్ జాతేనని పండితులే రాశారు కదా అన్నాడు. అదే కోర్టు ఈసారి శాస్త్రాన్ని పక్కకు నెట్టి, మామూలు తెల్లవాడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అంది. కొలబద్ద ఏదైనా గెలిచేవాడు ముందే నిర్ణయమై ఉన్నాడు. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు. పౌరసత్వానికి మళ్ళీ తలుపు తెరిచింది 1946లో, కొత్తగా వచ్చేవాళ్ళు మాత్రం ఏడాదికి వందమందే.

జనగణన ఫారాలు చూస్తే ఇంకా తెలుస్తుంది. 1920, 1930, 1940ల్లో అమెరికా ఫారంలో 'హిందూ' ఒక జాతి, సిక్కులూ ముస్లింలూ అందులోనే. 1970లో భారతీయులను తెల్లవాళ్ళలో కలిపారు. 1980లో 'ఆసియన్ ఇండియన్' అని వేరే గడి వచ్చింది. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి 1969లో అక్కడికి వెళ్ళిన డాక్టరు ఎవరైనా ఉంటే, ఆయన పదేళ్ళు తెల్లవాడిగా ఉండి ఆ తర్వాత ఆసియన్ అయ్యాడన్నమాట. ఆ గడి కోసం అడిగింది భారతీయ సంఘాలే. వివక్షకు గురైన మైనారిటీగా లెక్కకు వస్తే గానీ చట్టపు రక్షణలు, మైనారిటీ వ్యాపారాలకిచ్చే అవకాశాలు అందవు. తెల్లవాళ్ళలోనే ఉండిపోదాం అన్నవాళ్ళూ మనలో ఉన్నారు. వాదన జరిగింది, ఒక పక్షం నెగ్గింది, జాతి మారింది. ఇవాళ అమలాపురం నుంచి, భీమవరం నుంచి చదువుకోడానికి వెళ్ళిన పిల్లలు ఆలోచించకుండా టిక్కు పెట్టే గడి వెనక ఇంత ఉంది.

'మరి కొలిచి చూశారు కదా, కొలతలు అబద్ధమా' అని అడిగేవాళ్ళుంటారు. కొలతల సంగతే చూద్దాం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ మన కులాల మనుషులను నిలబెట్టి తలలూ ముక్కులూ కొలిచాడు. 1901 జనగణన కమిషనరు హెర్బర్ట్ రిస్లీ, కులం ఎంత పెద్దదైతే ముక్కు అంత సన్నగా ఉంటుందని సూత్రం రాశాడు. పద్ధతి ఇది: కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే పల్లం నుంచి కింద మొదలు దాకా ఎత్తు, పుటాల దగ్గర వెడల్పు కాలిపర్ అనే కొలత పనిముట్టుతో తీస్తారు. వెడల్పును ఎత్తుతో భాగించి 100తో గుణిస్తారు. 70 కంటే తక్కువైతే సన్నముక్కు, 70 నుంచి 85 మధ్యరకం, ఆపైన వెడల్పు ముక్కు. ఇప్పుడు 34 మిల్లీమీటర్ల వెడల్పు, 49 ఎత్తు ఉన్న మనిషిని తీసుకోండి. 69.4 వస్తుంది, 'ఉన్నత' జాతి. పుటాల దగ్గర కాలిపర్ ఒక్క మిల్లీమీటరు వదులుగా పట్టుకుంటే 35, అప్పుడు 71.4. మనిషి జాతి మారిపోయింది. పుటాలు మెత్తన, ఎంత నొక్కితే అంత లోపలికి పోతాయి. ముక్కు మొదలు ఎక్కడో చేత్తో తడిమి చూసి నిర్ణయించాలి. ఎత్తులో రెండు మిల్లీమీటర్ల తేడా ఇద్దరు కొలిచేవాళ్ళ మధ్య మామూలే. పైగా కులానికి కొద్దిమంది మగవాళ్ళను కొలిచి సగటు తీసేవారు. సగటు చూపిస్తే తేడా కనిపిస్తుంది. మొత్తం అంకెలు పరిస్తే ఒక కులంలో చాలామంది ఇంకో కులం మధ్యలో పడతారు.

ఇదే కొలతల పట్టికలను అంబేడ్కర్ చేతిలోకి తీసుకుని తిప్పికొట్టాడు. ఒక ప్రాంతపు బ్రాహ్మణుడి ముక్కు అదే ప్రాంతపు అంటరానివాడి ముక్కుకు దగ్గరగానూ, వేరే ప్రాంతపు బ్రాహ్మణుడి ముక్కుకు దూరంగానూ ఉన్నప్పుడు అంటరానితనానికి జాతి మూలమని ఎలా అంటారని అడిగాడు. 1936లోనే కులమంటే ఒకే జాతి జనాన్ని అడ్డంగా నరికిన సామాజిక విభజన అని చెప్పాడు. నాకు తెలిసినంతలో ఈ విషయం మీద ఇంతకంటే పదునైన వాదన ఇంకొకటి లేదు. ఆ రోజుల్లో ఐరోపా విశ్వవిద్యాలయాలు సైతం కాలిపర్లు పట్టుకునే కూర్చున్నాయి.

జన్యుశాస్త్రం ఆ తర్వాత ఆయన వైపే నిలిచింది. 1972లో రిచర్డ్ లెవాంటిన్ లెక్క ప్రకారం మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంటాయి. 'జాతుల' మధ్య తేడా 6 శాతం చిల్లర. అంటే రాజోలు సంతలో ఎదురుపడే ఇద్దరి మధ్యే మానవజాతి వైవిధ్యంలో చాలా భాగం ఉంటుంది. నల్లటి చర్మం ఆఫ్రికాలో ఉంది, సాలమన్ దీవుల్లో ఉంది, మన దగ్గరా ఉంది. అది ఎండకు వచ్చిన జవాబు, చుట్టరికానికి గుర్తు కాదు.

అయితే ఇక్కడ చాలామంది తొందరపడి 'జన్యువుల్లో ఏమీ లేదు' అనేస్తారు. అది తప్పు. ఉన్నది జాతి కాదు, పెళ్ళి. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ క్రితం దాకా ఈ ఉపఖండంలో జనం విపరీతంగా కలిశారు. దాదాపు ప్రతి కులం, ప్రతి తెగ ఆ కలయిక నుంచి వచ్చిందే. ఆ తర్వాత కులం దాటి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. తరతరాలు లోపలే పెళ్ళి చేసుకుంటే కొన్ని అరుదైన లోపాలు ఆ గుంపులో పోగుపడతాయి. ఆంధ్రలో ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము చాలా తక్కువ. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మాత్రం కొద్ది నిమిషాల్లో విరగాల్సింది గంటలపాటు నిలిచిపోతుంది, అంతసేపూ ఊపిరి మిషన్ మీదే. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ, ఊపిరి ఆలస్యమైతే ఆ ముక్క మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, ఎంజైము పరీక్ష చేయించాలి. దీన్ని చూపించి ఏదో ఒక కులం గొప్పదనీ తక్కువదనీ ఎవరూ అనలేరు. సమాజం పెట్టుకున్న నియమం వందల ఏళ్ళలో రక్తంలోకి ఎక్కింది. రక్తంలోంచి నియమం పుట్టలేదు.

ఒక్క సంతకంతో జాతి మారిన చోటు కూడా మన డెల్టాలోనే ఉంది. 1881 సెప్టెంబరు 21 డిక్రీ ప్రకారం యానాం సహా ఫ్రెంచి భారతంలో ఎవరైనా తన కుల, మత ఆచార చట్టాన్ని వదులుకుంటున్నానని రిజిస్ట్రారు ముందు సంతకం చేసి, ఒక ఇంటిపేరు ఎంచుకుంటే, తనకూ పిల్లలకూ ఫ్రెంచి పౌరచట్టం వర్తించేది. సంతకం పెట్టినవాళ్ళు చట్టంలో ఫ్రెంచివాళ్ళతో సమానం. కానీ 1884లో ఓటర్లకు మూడు జాబితాలు పెట్టారు: ఐరోపావాళ్ళు, సంతకం పెట్టినవాళ్ళు, పెట్టనివాళ్ళు. సమానత్వం కాగితం మీద ఇచ్చి, బలం లెక్కించేచోట మళ్ళీ గీత గీశారు. ఇటువైపు బ్రిటిష్ పాలనలో, 1911లో మద్రాసు ప్రాంతానికీ వచ్చిన నేరస్థ తెగల చట్టం ఎరుకల వంటి వాళ్ళను పుట్టుకతోనే దొంగలంది. వేలిముద్రలు, ఊరు దాటాలంటే చీటీ, రాత్రిపూట హాజరు. రైలూ, ఉప్పు వ్యాపారం మీద సర్కారు పట్టూ వచ్చి వాళ్ళ ఎద్దుల బిడారు బతుకు చెడిపోయిందన్నది మాత్రం ఆ చట్టానికి కనపడలేదు. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952 అయింది.

ఈ తర్కాన్ని డెల్టాలో అందరికంటే ముందు అర్థం చేసుకుని చెప్పినవాడు రాజమండ్రికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న. ఊరూరా 'మాకొద్దీ తెల్లదొరతనము' అని పాడుతున్న 1920ల్లో ఆయన 'మాకొద్దీ నల్లదొరతనము' అని పాట కట్టాడు. దొరతనానికి రంగు ముఖ్యం కాదు, పాలేరును ఎవరు కొడుతున్నారన్నది ముఖ్యం. తెల్లవాడి జాతి గర్వాన్ని ఖండించి ఇంట్లో గ్లాసు వేరుగా పెట్టే అలవాటు మీద ఆయన వేలు పెట్టాడు. 2001లో డర్బన్‌లో జరిగిన జాతివివక్ష వ్యతిరేక మహాసభలో మన ప్రభుత్వం, కులం జాతి కాదు గనక ఇక్కడ చర్చించొద్దంది. కులం జాతి కాదన్నది నిజమే, అంబేడ్కర్ చెప్పిందీ అదే. ఆయన ఆ మాట కులాన్ని కూల్చడానికి అన్నాడు. డర్బన్‌లో అదే మాటను కులాన్ని దాచడానికి వాడారు. పెళ్ళి హద్దు, భూమి హద్దు, ముట్టుకునే హద్దు, ఈ మూడూ పుట్టుకను బట్టి గీసే ఏ వ్యవస్థ అయినా ఒకే యంత్రం.

ఇంతదాకా వచ్చాక ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. జాతీ కులమూ కల్పితాలే అయితే ఆ గడులన్నీ తీసెయ్యొచ్చు కదా? నేను ఒప్పుకోను. గడి ఎవరి పక్షాన పనిచేస్తోందో ఒక్కోచోట విడిగా చూడాలి. రెండు వైద్య ఉదాహరణలు తీసుకుంటాను. అమెరికాలో కిడ్నీ పనితీరు లెక్కకట్టే సూత్రంలో, రోగి నల్లవాడైతే ఫలితాన్ని 1.159తో గుణించేవారు, అంతకు ముందు సూత్రంలో 1.212. మార్పిడి కోసం వరసలో నిలబడాలంటే ఆ అంకె 20 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి. 18 ఉన్న మనిషికి గుణకారం చేస్తే 20.9. కిడ్నీ చెడిపోయిన మనిషి వరసలోకి రాకుండా ఆగిపోతాడు. 2021లో ఆ గుణకం తీసేశారు. ఇక్కడ గడి పోవడమే న్యాయం. వేలికి తగిలించే ఆక్సీమీటరు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. 2020లో వచ్చిన అధ్యయనంలో మీటరు 92 నుంచి 96 చూపిస్తున్నప్పుడు, నిజానికి రక్తంలో ఆక్సిజన్ 88 కంటే కింద ఉన్నవాళ్ళు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్ళలో 3.6 శాతం. యంత్రాన్ని ఎక్కువగా లేత చర్మాల మీద సరిచూశారు కాబట్టి. చర్మం రంగు అడగకుండా, లెక్కించకుండా ఆ తప్పు ఎన్నటికీ బయటపడేది కాదు. చేపల చెరువు మీద ఎండలో పనిచేసే మనిషికి ఆయాసంగా ఉండి మీటరు 94 చూపిస్తే దాన్ని నమ్మి ఇంటికి పంపకూడదు, ధమని రక్తం తీసి చూడాలి.

భూమి విషయంలోనూ అంతే. మన్యంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెల్లకుండా చేసిన 1/70 చట్టం 'గిరిజనుడు' అన్న గడి లేకుండా ఒక్క రోజు నిలవదు. ఆ గడిని రాసింది బ్రిటిష్ వాళ్ళే కావచ్చు, ఇప్పుడది అడ్డుగోడ. దాన్ని తీసేయమనేవాళ్ళలో ఎక్కువమంది ఆ భూమి మీద కన్నున్నవాళ్ళే.

అందుకే 2027 జనగణనలో కులం గడి వస్తోందంటే నేను సంతోషిస్తాను. 1931 తర్వాత దేశమంతటా అన్ని కులాలనూ లెక్కపెట్టి అచ్చువేసిన పట్టిక లేదు. అయితే తల లెక్క ఒక్కటే వస్తే అది సీట్ల బేరానికే పోతుంది. కులం అంకెలను భూమి అంకెలతో కలిపి చూడాలి. చిక్కు ఎక్కడుందంటే, వ్యవసాయ గణన మన దగ్గర రెవెన్యూ రికార్డుల నుంచి తయారవుతుంది. అందులో ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మాత్రమే ఉంటుంది. నోటిమాట కౌలు రికార్డులో ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకిచ్చే సాగుదారు కార్డు 11 నెలలకు, దానికి భూయజమాని సంతకం కావాలి, చాలామంది యజమానులు పెట్టరు. కార్డు లేకపోతే పంట రుణం రాదు, నష్టపరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. సంతకంతో పనిలేకుండా, ఊరి సాక్ష్యంతో, ఈ పంటకాలంలో ఈ చేను ఎవరు దున్నారో రాసే ఒక వరస పెట్టాలి. అది లేనంతకాలం కోనసీమలో ఏ కులం ఎంత భూమి సాగుచేస్తోందన్న ప్రశ్నకు పట్టాదారు పేరే జవాబుగా వస్తుంది.